స్కిజోఫ్రీనియా ఉన్నవారి మాటని కంప్యూటర్‌తో ఎలా పరిశీలించాలి: రికార్డింగు నుంచి ఫలితం దాకా

మాట్లాడే మనిషి ఒక విషయం నుంచి ఇంకో విషయానికి జారిపోతుంటే వినేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఎక్కడ జారింది, ఎంత జారింది, పోయిన నెల కంటే ఇప్పుడు నయమా అని అడిగితే మాత్రం అనుభవం ఉన్న సైకియాట్రిస్టుకి కూడా గట్టిగా చెప్పడం కష్టమే. కంప్యూటర్ అక్కరకొచ్చేది అక్కడే. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్నవారి మాటలో పొందిక, విరామాలు, వాక్యాల పొడవు, పదాల అల్లిక లాంటివాటిని అంకెల్లో పెట్టి, రోజులు గడిచేకొద్దీ అవి ఎలా మారుతున్నాయో చూడొచ్చు.

భాషాశాస్త్రం, సైకాలజీ, సైకియాట్రీ, కంప్యూటర్ సైన్స్... వీటిలో ఏ దారిన మీరు ఇటు వచ్చినా సరే, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాములు రాయగలిగితే మొదలుపెట్టొచ్చు. ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ఈ పనిలో మంచిచెడ్డలు చాలావరకు ప్రోగ్రామ్ రాయకముందే, రికార్డింగు దగ్గరా, దాన్ని అక్షరాల్లో పెట్టే దగ్గరా తేలిపోతాయి. అందుకే ఆ రెండు చోట్లా ఎక్కువసేపు ఆగుతాను. మోడళ్ల గురించి, అంటే డేటా నుంచి నేర్చుకునే ప్రోగ్రాముల గురించి చెప్పేవాళ్లు మీకు ఎలాగూ చాలామంది దొరుకుతారు.

ముందు వినడం నేర్చుకోండి

1911లో స్విట్జర్లాండ్ సైకియాట్రిస్టు ఆయిగెన్ బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా మీద రాసిన పుస్తకంలో, ఆలోచనల మధ్య లంకెలు సడలిపోవడం ఈ జబ్బుకి మూల లక్షణమని చెప్పాడు. 1979లో అమెరికా సైకియాట్రిస్టు నాన్సీ ఆండ్రియాసెన్ అదే విషయాన్ని విడివిడి రకాలుగా విడగొట్టి, ఒక్కోదానికీ నిర్వచనం రాసింది. ఆమె తయారుచేసిన స్కేలులో 18 అంశాలుంటాయి. అడిగినదానికి పక్కదారి జవాబు ఇవ్వడం, మెల్లమెల్లగా పట్టాలు తప్పడం, ముక్తసరిగా మాట్లాడటం, చాలా మాట్లాడినా అందులో సమాచారం లేకపోవడం, కొత్త పదాలు పుట్టించడం, అర్థం వదిలేసి శబ్దం వెంట పోవడం... ఇలా. ఈ స్కేలు చదవకుండా కోడ్ జోలికి వెళ్లకండి. వీలైతే ఒక సైకియాట్రిస్టు పక్కన కూర్చుని, అనుమతి ఉన్న రికార్డింగులు విని, మీరూ స్కోర్లు వేసి పోల్చుకోండి. మీ చెవి పట్టుకోలేని తేడాని మీ ప్రోగ్రామ్ పట్టుకుందంటే, అది నిజంగా మాటలోని తేడానా, ఇంకేదైనానా అన్నది మీకు తెలిసే దారి ఉండదు.

ఇక్కడే ఇంకో రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. స్కిజోఫ్రీనియా ఉన్న ప్రతి ఒక్కరి మాటా చెదిరిపోదు. చాలామంది మీలాగా నాలాగానే పొందికగా మాట్లాడతారు. పైగా ఇలాంటి మాట మేనియాలోనూ (ఉత్సాహం హద్దు దాటిపోయే మానసిక స్థితి) కనిపిస్తుందని ఆండ్రియాసెన్ పరిశోధనే చూపించింది. కాబట్టి మాటలో పొందిక తగ్గిందంటే స్కిజోఫ్రీనియా ఉందని అర్థం కాదు.

ప్రశ్నని చిన్నది చేసుకోండి

మొదటిసారి చేసేవాళ్లు అందరూ ఒకే ప్రశ్న పట్టుకుంటారు: మాట విని జబ్బు ఉందో లేదో కంప్యూటర్ చెప్పగలదా? నా సలహా, ఆ ప్రశ్న జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఎందుకో చూడండి. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి) ముప్పు ఎక్కువగా ఉన్న 34 మంది యువతీయువకుల మాటల్ని తీసుకున్నారు. తర్వాత వాళ్లలో ఐదుగురికి సైకోసిస్ వచ్చింది. వాక్యాల మధ్య పొందిక, వాక్యం పొడవు లాంటి కొలతలతో కంప్యూటర్ ఆ ఐదుగురినీ ఒక్క తప్పు లేకుండా వేరుచేసింది. నూటికి నూరు! 2018లో అదే బాటలో 59 మందితో, అందులో సైకోసిస్ వచ్చిన 19 మందితో చేసినప్పుడు అది 83 శాతానికి దిగింది. రెండూ ముఖ్యమైన అధ్యయనాలే, రెండింటినీ శ్రద్ధగా చదవండి. కానీ ఐదుగురి మీద వచ్చిన నూరు శాతం ఎంత పెళుసుగా ఉంటుందో కూడా వాటి నుంచే నేర్చుకోవాలి.

దీనికంటే మేలైన ప్రశ్న: ఒకే మనిషి మాట మూడు నెలల్లో ఎలా మారింది? ఇందులో ఆ మనిషిని ఆ మనిషితోనే పోలుస్తారు. చదువు, యాస, స్వభావం, మాట్లాడే అలవాటు అన్నీ రెండుసార్లూ ఒకటే కాబట్టి అడ్డొచ్చే అంశాలు సగం తగ్గిపోతాయి. వైద్యులకి పనికొచ్చేది కూడా ఎక్కువగా ఇదే.

అనుమతి

గొంతు వేలిముద్ర లాంటిది. పేరు తీసేసినంత మాత్రాన రికార్డింగు అనామకం అయిపోదు. నైతిక కమిటీ ఆమోదం తీసుకోండి. పాల్గొనేవారికి రికార్డింగు ఎక్కడ ఉంటుంది, ఎవరు వింటారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నవి వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఇచ్చిన అనుమతిని, కుదుటపడ్డాక మళ్లీ అడిగి తీసుకోండి. మధ్యలో వద్దంటే వెంటనే ఆపండి, కారణం అడగొద్దు. మాటల్లో తల్లి పేరు, వీధి పేరు, ఆఫీసు పేరు దొర్లుతూనే ఉంటాయి. వాటిని రాతప్రతిలో గుర్తులతో మార్చాలి, ఆడియోలో మూగబోయేలా చేయాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే, మాటని అక్షరాల్లో పెట్టే ట్రాన్స్‌క్రిప్షన్ సేవలకి ఈ ఆడియోని ఎక్కించకండి. అంతా మీ సంస్థ కంప్యూటర్‌లోనే నడవాలి.

ఈ జబ్బుతో బతుకుతున్న ఒకరిద్దరిని మొదటి నుంచీ మీ బృందంలో కలుపుకోండి. ఏ ప్రశ్న వింటే టెన్షన్ పెరుగుతుందో, ఏది అడిగితే మనసు విప్పి మాట్లాడతారో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

రికార్డింగు

రోగుల్ని ఆసుపత్రి గదిలో ఒక ఫోనుతో, పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుల్ని ల్యాబులో మంచి మైకుతో రికార్డు చేశారనుకోండి. మీ మోడల్ చక్కగా రెండు గుంపుల్నీ విడదీస్తుంది. అది నేర్చుకున్నది మాత్రం ఫ్యాను చప్పుడు. ఇది వినడానికి మరీ తేలిక సంగతిలా ఉంటుంది, కానీ కొలతలన్నీ పూర్తయ్యాక దీన్ని సరిదిద్దే మార్గం లేదు. రెండు గుంపులకీ అదే గది, అదే మైకు, అదే ప్రశ్నలు అడిగే మనిషి ఉండాలి. కుదరకపోతే ఏ చోట రికార్డు చేసినా రెండు గుంపుల వాళ్లూ అక్కడ ఉండేలా చూడండి.

కాలరుకి తగిలించే మైకులు రెండు తీసుకోండి. ఒకటి పాల్గొనేవారికి, ఒకటి మీకు. రెండు గొంతులూ వేర్వేరు ట్రాకుల్లో పడితే తర్వాత పని సగానికి సగం తగ్గుతుంది. రికార్డింగుని 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ నాణ్యతతో వేవ్ ఫైలుగా దాచండి. ఎంపీ3 వద్దు.

ఏం మాట్లాడించాలి? ఒకే రకం సరిపోదు. ఒక బొమ్మ చూపించి కథ చెప్పమనండి. ఈమధ్య వచ్చిన కల చెప్పమనండి. ఒక చిన్న కథ వినిపించి తిరిగి చెప్పమనండి. ఇష్టమైన విషయం మీద కాసేపు తోచినట్టు మాట్లాడమనండి. వీటిలో కల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బ్రెజిల్‌లో నతాలియా మోటా, సిదార్తా రిబేరో బృందం 2014లో ప్రచురించిన పనిలో, పగటి పనుల గురించి చెప్పినప్పటి కంటే కల చెప్పినప్పుడు స్కిజోఫ్రీనియా ఉన్నవారి మాటకీ ఇతరుల మాటకీ తేడా బాగా బయటపడింది. రోజువారీ పనులకి ముందే ఒక వరస ఉంటుంది, కలకి ఆ వరసని చెప్పేవాళ్లే కట్టుకోవాలి. అందుకే అలా జరుగుతుందేమోనని నాకనిపిస్తుంది.

మీరు తక్కువ మాట్లాడండి. నిశ్శబ్దం వచ్చినప్పుడు నింపాలన్న ఆత్రం అణుచుకోండి. ఆ నిశ్శబ్దం కూడా డేటానే. ప్రోత్సహించడానికి ఏ మాటలు వాడాలో ముందే రాసిపెట్టుకుని అందరి దగ్గరా అవే వాడండి: "ఇంకా చెప్పండి", "ఆ తర్వాత?" అంతే.

అక్షరాల్లో పెట్టడం

మనసు పెట్టి చేయాల్సిన పని ఇదే. అలసటొచ్చేదీ ఇదే.

మాటని విని అక్షరాల్లో పెట్టే విస్పర్ లాంటి ప్రోగ్రాముతో ముందు ఒక చిత్తుప్రతి తీసుకోవచ్చు. దాన్ని నమ్మి ముందుకెళ్తే మాత్రం మీరు వెతుకుతున్నదే చేజారిపోతుంది. ఇలాంటి ప్రోగ్రాములు వినిపించినదాన్ని బాగా వాడుకలో ఉన్న పదం వైపు లాగుతాయి. పాల్గొనేవారు పుట్టించిన కొత్త పదం చక్కటి నిఘంటువు పదంగా మారిపోతుంది. తడబాట్లు, సగంలో ఆగిన మాటలు, "ఆ... ఊ..."లు మాయమవుతాయి. అంతకంటే ప్రమాదం, నిశ్శబ్దం ఉన్నచోట ఎవరూ అనని వాక్యాల్ని కల్పించి రాయడం. విస్పర్ మీద 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో దాదాపు 1 శాతం ఆడియో ముక్కల్లో ఇలా జరిగింది. మాటకీ మాటకీ మధ్య విరామాలు పెరిగేకొద్దీ ఈ ముప్పూ పెరుగుతుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవారి మాటలో సగటున విరామాలు ఎక్కువ. చేయని వ్యాఖ్యని ఒక రోగి నోట పెట్టడం కంటే పెద్ద తప్పు ఈ పనిలో ఇంకోటి లేదు.

కాబట్టి చిత్తుప్రతిని ఎలాన్‌లో గానీ ప్రాట్‌లో గానీ తెరిచి, ఆడియో వింటూ పదం పదం సరిచూడండి. ఆడియో వింటూ పక్కనే రాసుకోవడానికి వీలిచ్చే ఈ రెండు ప్రోగ్రాములూ ఉచితమే. సరిచూసే మనిషికి ఆ గొంతు రోగిదో కాదో తెలియకూడదు. నియమాల కాగితం ఒకటి ముందే తయారుచేసుకోండి: తడబాటుని ఎలా రాయాలి, అర్థంకాని మాటకి ఏ గుర్తు, నవ్వుకి ఏ గుర్తు, యాసని యాసగానే ఉంచాలా. యాసని ఉంచమనే నా మాట, తర్వాత కావాలంటే ఒకే రూపానికి తెచ్చుకోవచ్చు. కొన్ని రికార్డింగుల్ని ఇద్దరు విడివిడిగా రాసి పోల్చుకోండి. తేడాలు ఎక్కువగా ఉంటే నియమాలు సరిగ్గా లేవన్నమాట.

వాక్యం ఎక్కడ ముగుస్తుంది అన్న ప్రశ్న తెలుగులో మరీ చిక్కు. "లేచి, తయారై, బస్టాండుకి వెళ్లి, అక్కడ కాసేపు కూర్చుని, మళ్లీ వచ్చేసి..." అని క్త్వార్థకాలతో మనం ఎంతదూరమైనా పోగలం. ఒకరు కామా పెట్టినచోట ఇంకొకరు చుక్క పెడితే వాక్యం పొడవు అన్న కొలతకి అర్థం లేదు. సమాపక క్రియ వచ్చినప్పుడే వాక్యం ముగిసినట్టు లెక్కించండి. క్రియ లేకుండా ఆగిపోతే ఎంత విరామం తర్వాత కొత్త వాక్యం అనుకోవాలో కాగితం మీద రాసుకోండి. ఏ నియమమైనా ఫరవాలేదు, అందరికీ అదే వర్తించాలి.

కొలతలు

తేలికైన వాటితో మొదలుపెట్టండి. నిమిషానికి ఎన్ని పదాలు, ఒక్కో జవాబుకి ఎన్ని, విరామాలు ఎన్ని, సగటున ఎంతసేపు. సాధారణంగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు దాటిన నిశ్శబ్దాన్నే విరామంగా లెక్కిస్తారు. ఇవి చూడ్డానికి ఆర్భాటంగా ఉండవు గానీ, మాట తగ్గిపోవడం అనే లక్షణాన్ని బాగా పట్టుకుంటాయి. మందుల ప్రభావం కూడా ఇక్కడ కనిపించొచ్చు.

తర్వాత పొందిక. ప్రతి వాక్యాన్నీ ఒక సంఖ్యల వరసగా, అంటే వెక్టరుగా మార్చి, పక్కపక్క వాక్యాల వెక్టర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో కొసైన్ అనే లెక్కతో కొలవడం దీని పద్ధతి. కొసైన్ ఎంత ఎక్కువైతే వాక్యాలు అంత దగ్గర. 2007లో బ్రీటా ఎల్వెవాగ్, పీటర్ ఫోల్ట్జ్, వాళ్ల సహచరులు స్కిజోఫ్రీనియా ఉన్నవారి మాట మీద ఇలాంటి కొలతలు వాడి చూపించారు. అప్పటి వెక్టర్ల కంటే ఇప్పటివి మెరుగు. తెలుగు పదాలకి ముందే తయారుచేసిపెట్టిన ఫాస్ట్‌టెక్స్ట్ వెక్టర్లున్నాయి, చాలా భాషలకి కలిపి పనిచేసే వాక్య మోడళ్లూ ఉన్నాయి.

కానీ ఈ కొలత ఎక్కడ మోసపోతుందో దగ్గరగా చూద్దాం. కింది జవాబు నేను కల్పించినది. ప్రశ్న: నిన్న పొద్దున ఏం చేశారు?

"నిన్న పొద్దున చెరువు దాకా నడిచి వెళ్లాను. చెరువులో నీళ్లు తగ్గిపోయాయి. నీళ్లు కొండ మీద నుంచి వస్తాయి. కొండ మీద గాలి చల్లగా ఉంటుంది. గాలి వార్తలు కూడా అలాగే వస్తాయి, ఎవరు పంపుతారో తెలీదు."

ఏ రెండు పక్కపక్క వాక్యాలు తీసుకున్నా ఒక పదం ఉమ్మడిగా ఉంది. చెరువు, నీళ్లు, కొండ, గాలి. కాబట్టి పక్కవాక్యాల స్కోరు బాగానే వస్తుంది. వినే మనిషికి మాత్రం జవాబు ఎటో వెళ్లిపోయిందని తెలుస్తూనే ఉంటుంది. దీన్ని పట్టుకోవాలంటే ప్రతి వాక్యాన్నీ ప్రశ్నతోనో, మొదటి వాక్యంతోనో పోల్చి, ఆ దూరం వాక్యవాక్యానికీ పెరుగుతోందా అని చూడాలి. పాత రకం వెక్టర్లలో చల్లగా వీచే గాలికీ, గాలి వార్తల్లోని గాలికీ ఒకే వెక్టరు ఉంటుంది, అందుకే చుట్టూ ఉన్న మాటల్ని బట్టి వెక్టరు మార్చే మోడల్ కూడా పక్కన పెట్టుకోండి. ఇంకో మాయ: ఒకే మాటని పదిసార్లు తిప్పితిప్పి చెప్పేవారికి ఈ లెక్కలో అందరికంటే మంచి స్కోరు వస్తుంది. పునరుక్తిని విడిగా లెక్కపెట్టండి. వాక్యాలు పొడుగయ్యేకొద్దీ కొసైన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి వాక్యం పొడవుని కూడా లెక్కలోకి తీసుకోండి. సగటు ఒక్కటే చూడకండి, కనిష్ఠం కూడా చూడండి. జవాబంతా బాగుండి ఒక్కచోట తెగితే సగటులో అది మునిగిపోతుంది.

మోటా బృందం వాడిన మాటల గ్రాఫు ఇంకో దారి. ప్రతి పదం ఒక చుక్క, వెంటవెంటనే వచ్చిన రెండు పదాల మధ్య ఒక బాణం. చెప్పిన విషయాన్ని వెనక్కి తిరిగి అందుకుంటూ, ముందరి మాటలకి కలుపుతూ మాట్లాడితే గ్రాఫులో ఎక్కువ చుక్కలు ఒకే ముద్దగా కలిసి ఉంటాయి. ఎంత ఎక్కువ మాట్లాడితే గ్రాఫు అంత పెద్దదవుతుంది, కనుక 30 పదాల కిటికీని ఒక్కో పదం చొప్పున జరుపుతూ కొలిచి సగటు తీయండి. అవే పదాల్ని కలగాపులగం చేసి గీసిన గ్రాఫుతో కూడా పోల్చండి.

ఇక్కడ మన భాష సంగతి మర్చిపోకూడదు. "వెళ్లలేకపోయాను" మనకి ఒకే పదం. ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇళ్లు అన్నవి కంప్యూటర్‌కి నాలుగు వేర్వేరు చుక్కలు. మూలరూపానికి మార్చి ఒకసారి, మార్చకుండా ఒకసారి లెక్క చేసి రెండూ చూపించండి. వేరే భాషల మీద వచ్చిన అంకెలతో మీ అంకెల్ని నేరుగా పోల్చొద్దు. "నేను" అన్న పదాన్ని లెక్కపెట్టి తన గురించి తాను ఎంత మాట్లాడుకుంటున్నారో చెప్పే పద్ధతులు కూడా తెలుగులో నిలబడవు. ఆ పని క్రియ చివరి అక్షరమే చేసేస్తుంది, కాబట్టి క్రియల చివర చూసి లెక్కపెట్టాలి.

అంకెల్ని చెవితో సరిచూడండి

ప్రతి కొలతకీ అతి తక్కువ స్కోరు వచ్చిన పది ముక్కల్నీ, అతి ఎక్కువ వచ్చిన పదింటినీ తీసి మీరే వినండి. ఇదొక్కటి చేస్తే సగం తప్పులు అక్కడికక్కడే బయటపడతాయి. తక్కువ స్కోరు ముక్కల్లో మీ ప్రశ్నలే కలిసిపోయి ఉండొచ్చు, లేదా ట్రాన్స్‌క్రిప్షన్ తప్పు ఉండొచ్చు. ఆ తర్వాత, ఆ గొంతు ఎవరిదో తెలియకుండా సైకియాట్రిస్టు విని ఆండ్రియాసెన్ స్కేలు మీద వేసిన స్కోర్లతో మీ కొలతల్ని పోల్చండి.

గణాంకాల దగ్గర జాగ్రత్తలు

ఒకే మనిషి మాటల ముక్కలు మోడల్‌కి నేర్పే శిక్షణ భాగంలోనూ, దాన్ని పరీక్షించే భాగంలోనూ ఉంటే అది ఆ మనిషిని గుర్తుపడుతుంది, జబ్బుని కాదు. విభజన ఎప్పుడూ మనుషుల వారీగానే చేయండి. ఏ కొలతలు ఉంచాలో ఎంచుకునే పని కూడా శిక్షణ భాగం లోపలే జరగాలి. నలభై మందికి రెండొందల కొలతలు తీస్తే ఏదో ఒకటి యాదృచ్ఛికంగా కలిసొస్తుంది. నాలుగైదు కొలతలు ముందే ఎంచుకుని, రాసిపెట్టి, వాటికే కట్టుబడండి. వయసు, చదువు, ఎంత మాట్లాడారు, ఏ మందులు ఎంత మోతాదులో తీసుకుంటున్నారు అన్నవి తప్పకుండా నమోదు చేయండి. కొన్ని మందులు నిద్రమత్తు తెస్తాయి, నోటి కదలికల్ని నెమ్మది చేస్తాయి. అది జబ్బు లక్షణంలా కనిపిస్తుంది.

కచ్చితత్వం 90 శాతం అని చూసి పొంగిపోయే ముందు ఈ లెక్క వేసుకోండి. వెయ్యి మందిలో పది మందికి జబ్బు ఉందనుకుందాం. మీ పరీక్ష ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివారిలో 90 శాతానికి లేదని సరిగ్గా చెబుతుంది. పది మందిలో తొమ్మిది మందిని పట్టుకుంది. మిగతా 990 మందిలో 99 మందికి లేని జబ్బుని అంటగట్టింది. అంటే "ఉంది" అని చెప్పిన 108 మందిలో నిజంగా ఉన్నవాళ్లు తొమ్మిది మందే. మామూలు జనం మీద ఇలాంటి పరికరాన్ని ఎందుకు వదలకూడదో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

ఇంట్లో వాళ్ల మాట తీరు మారిందన్న దిగులుతో మీరు ఇది చదువుతున్నట్టయితే, దయచేసి వాళ్లని రికార్డు చేసి ఏ ప్రోగ్రాములోనూ వేయకండి. చాటుగా రికార్డు చేశారని తెలిస్తే, అప్పటికే అనుమానాలతో నలుగుతున్న మనిషికి అది పెద్ద దెబ్బ. ఏం గమనించారో, ఎప్పటి నుంచో మామూలు మాటల్లో రాసుకుని సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లకి కావాల్సింది అదే.

రాసేటప్పుడు, పంచుకునేటప్పుడు

"స్కిజోఫ్రీనిక్‌లు" అని రాయొద్దు, స్కిజోఫ్రీనియా ఉన్నవారు అనండి. "కంప్యూటర్ జబ్బుని కనిపెట్టింది" లాంటి శీర్షికలు మీ సంస్థ ప్రచార విభాగం రాస్తానంటే ఒప్పుకోకండి. ఎంతమంది, ఏ భాష, ఏ పని చేయించారు, ఏ కొలత ఫలించలేదు అన్నవన్నీ రాయండి. ఫలించని కొలతల గురించి రాస్తే మీ తర్వాత వచ్చేవాళ్లకి ఏడాది శ్రమ మిగులుతుంది.

కోడ్, నియమాల కాగితం, పేర్లు లేని కొలతల పట్టిక అందరికీ ఇవ్వండి. ఆడియోనీ, పూర్తి రాతప్రతులనీ ఇవ్వకండి. ఫలితాల్ని ఒక పేజీలో తేలిక మాటల్లో రాసి, పాల్గొన్నవారిలో కావాలన్న ప్రతి ఒక్కరికీ పంపండి. చెరిపేస్తామని చెప్పిన తేదీని క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆ రోజున బ్యాకప్‌లతో సహా రికార్డింగులన్నీ చెరిపేసి, చెరిపేశామని వాళ్లకి రాయండి.